మీ ఊరి బజారు బాగోగులు ఎవరు చూడాలి? మార్టూరు వీధుల్లో వెతకాల్సిన జవాబు

బజారులో వీధి దీపం వెలగకపోతే ఎవరికి చెప్పాలి? బట్టలకొట్టు ముందు మురుగు పొంగితే ఎవరు తీయాలి? పెళ్లి సరుకులకు వచ్చిన ఆడవాళ్లకు ఒక్క మరుగుదొడ్డి కూడా కనిపించకపోతే తప్పు ఎవరిది? మీరు ఏ ఊరి వాళ్లయినా ఈ మూడు ప్రశ్నలకు వచ్చే జవాబు దాదాపు ఒకటే: "అది మా పరిధిలోకి రాదండీ."

బాపట్ల జిల్లాలోని మార్టూరును ఉదాహరణగా తీసుకుందాం. 16వ నంబరు జాతీయ రహదారి మీద చిలకలూరిపేటకు, ఒంగోలుకు మధ్య ఉన్న మండల కేంద్రం ఇది. చుట్టూ పత్తి, మిర్చి పండే నేల. ఊరి పక్కనే గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలు, స్పిన్నింగ్ మిల్లులు. వాటిలో పనిచేసేవాళ్లలో వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. చూడ్డానికి చిన్న పట్టణంలా ఉంటుంది, పాలన మాత్రం గ్రామ పంచాయతీది. ఇలాంటి ఊళ్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చాలా ఉన్నాయి. వాటి బజార్లు బతకాలంటే ముందుగా తేలాల్సింది ఒకటుంది. వీధికి అయ్యే ఉమ్మడి ఖర్చు ఎవరు పెట్టాలి, ఆ డబ్బు వసూలు చేసే హక్కు ఎవరికి ఉండాలి?

క్లుప్తంగా

- వర్తక సంఘం చందా అడగగలదు, వసూలు చేసి తీరాలని పట్టుబట్టలేదు. ఆ హక్కు చట్టం దానికి ఇవ్వలేదు.
- కెనడాలోని టొరంటో నగరం 1970లో ఈ చిక్కుకు ఒక దారి కనిపెట్టింది. ఆ పద్ధతి తర్వాత చాలా దేశాలకు పాకింది.
- మన దగ్గర పంట అమ్ముకునే యార్డుకు చట్టబద్ధమైన కమిటీ ఉంది. కొట్ల వీధికి లేదు.
- చట్టం వచ్చేదాకా ఆగకుండా పంచాయతీ స్థాయిలో ఇప్పుడే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

ఒకే వీధి, ఎందరో యజమానులు

మార్టూరు లాంటి ఊళ్లో మీరు బజారంతా నడిచి చూస్తే కాళ్ల కింద నేల యజమాని పలుమార్లు మారుతుంటాడు. రహదారి అంచు కేంద్రానిది. 2002లో వచ్చిన జాతీయ రహదారుల భూమి, రాకపోకల నియంత్రణ చట్టం ప్రకారం ఆ స్థలంలో ఆక్రమణలు తొలగించే అధికారం రహదారి యంత్రాంగానిదే. రహదారి మీదికి కొత్తగా దారి తెరవాలన్నా వాళ్ల అనుమతి కావాలి. పక్క మండలాలకు వెళ్లే రోడ్డు రాష్ట్ర రోడ్లు భవనాల శాఖదో, పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగానిదో అయి ఉంటుంది. లోపలి వీధులు, కాలువలు, వీధి దీపాలు పంచాయతీవి. బస్టాండ్ ఆర్టీసీది. కొట్టు కట్టడం సొంతదారుడిది, వ్యాపారం అద్దెకున్నవాడిది.

వీళ్లలో ఎవరి పని వాళ్లు సక్రమంగా చేసినా, బజారు మొత్తాన్ని ఒకటిగా చూసేవాళ్లు ఎవరూ లేరు. రహదారి వెడల్పయితే సర్వీసు రోడ్డు ఎక్కడ తెగుతుంది, ఆటోలు ఎక్కడ ఆగాలి, కూరగాయల బండ్లు ఎటు జరగాలి అన్నవి అన్ని శాఖలకూ సంబంధించిన విషయాలు. ఏ ఒక్క శాఖా సొంతంగా తేల్చలేనివి కూడా అవే.

రాజ్యాంగంలోనూ ఒక ఆసక్తికరమైన తేడా ఉంది. పంచాయతీలకు ఉద్దేశించిన 11వ షెడ్యూలులో 29 అంశాలున్నాయి. వాటిలో 'మార్కెట్లు, సంతలు' ఉంది. మున్సిపాలిటీలకు ఉద్దేశించిన 12వ షెడ్యూలులో వీధి దీపాలతో పాటు పార్కింగ్ స్థలాలు, బస్టాపులు, ప్రజా సౌకర్యాలు పేరుపేరునా ఉన్నాయి. పార్కింగ్ అనేది పల్లెకు అక్కర్లేని సంగతి అనుకున్న కాలం నాటి జాబితా అది. శనివారం సాయంత్రం ఏ మండల కేంద్రంలోనైనా బండి పెట్టుకోవడానికి చోటు వెతికినవాళ్లకు ఆ కాలం పోయిందని తెలుసు.

సంఘం ఉంది, అధికారం లేదు

మన ఊళ్లలో వర్తక సంఘాలకు కొదవ లేదు. కిరాణా వాళ్లకొకటి, బంగారం కొట్ల వాళ్లకొకటి, బట్టల వాళ్లకొకటి, మందుల షాపులకొకటి. వారపు సెలవు ఏ రోజో నిర్ణయించుకోవడం, కొలతల శాఖ అధికారితో మాట్లాడటం, దొంగతనం జరిగితే పోలీసుల దగ్గరికి కలిసి వెళ్లడం, వేసవిలో చలివేంద్రం పెట్టడం, నవరాత్రులకు పందిరి వేయడం వీటి పనులు. కొన్ని సంఘాలు సీసీ కెమెరాలు కూడా పెట్టించాయి.

చట్టం దృష్టిలో ఇవన్నీ సొసైటీలు. ఆంధ్రప్రదేశ్‌లో 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు కలిస్తే సంఘం నమోదు చేసుకోవచ్చు. బ్యాంకు ఖాతా తెరవొచ్చు, సభ్యుల నుంచి చందా తీసుకోవచ్చు. సభ్యుడు కానివాడిని రూపాయి కూడా అడిగి తీసుకునే హక్కు మాత్రం దానికి లేదు.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఉదాహరణకు ఒక వీధిలో 100 కొట్లున్నాయి. రాత్రి కాపలాకు, చెత్త ఎత్తడానికి, మరుగుదొడ్డి శుభ్రంగా ఉంచడానికి కొట్టుకు నెలకు 200 రూపాయలు అనుకున్నారు. మొదటి నెల 80 మంది ఇస్తారు. ఇవ్వని 20 మంది కొట్ల ముందు దీపం వెలగకుండా ఆపలేరు, దొంగను ఆ కొట్ల వైపు మళ్లించలేరు. ఇచ్చినవాడికీ ఇవ్వనివాడికీ దక్కే లాభం ఒకటే. అది గమనించిన మరో 20 మంది మూడో నెలలో మానేస్తారు. ఆరో నెలకు కాపలావాడికి జీతం ఇచ్చేది సంఘం అధ్యక్షుడొక్కడే. అతనికి విసుగొచ్చిన రోజు ఆ పని ఆగిపోతుంది. వర్తకుల్లో ఐకమత్యం లేకపోవడమే దీనికి కారణమని మనం తేలిగ్గా అనేస్తాం. ఐకమత్యం ఉన్న ఊళ్లలోనూ ఇదే లెక్క పనిచేస్తుంది, కాకపోతే కాస్త ఆలస్యంగా.

టొరంటోలో 1970లో ఏం జరిగింది

కెనడాలోని టొరంటో నగరానికి పడమటి వైపు బ్లోర్ వీధి అని ఒకటి ఉంది. ఆ వీధిలో ట్రామ్ నడిచేది. ట్రామ్ కోసం నిలబడ్డవాళ్లు, దిగినవాళ్లు అక్కడి కొట్లలోకి తొంగిచూసేవాళ్లు. 1968లో సబ్‌వే రైలు ఆ ప్రాంతానికి వచ్చింది. ట్రామ్ పోయింది. జనం భూమి కిందికి దిగి, వీధిని చూడకుండానే దాటిపోవడం మొదలైంది. అదే కాలంలో శివార్లలో పెద్ద షాపింగ్ మాల్స్ తెరుచుకున్నాయి.

రహదారి ఊరిని దాటేశాక మన బజార్లకు జరిగేది కూడా ఇదే. మార్టూరు మీదుగా రోజూ వేల వాహనాలు వెళ్తాయి. బొల్లాపల్లి టోల్‌గేట్ దగ్గర ఆగేవి కూడా బజారులో ఆగాలని లేదు.

బ్లోర్ వీధి వర్తకులు మొదట మన సంఘాల్లాగే చందాలతో ప్రయత్నించారు, ఇవ్వనివాళ్ల బెడద వాళ్లకూ తప్పలేదు. వాళ్లు నగర పాలక సంస్థను అడిగింది ఒక్కటే: వీధిలోని వ్యాపారులందరి నుంచీ పన్నుతో పాటే కొంత అదనపు మొత్తం మీరే వసూలు చేయండి, ఆ డబ్బు ఖర్చు చేసే నిర్ణయం మాకివ్వండి. అందుకు ఒంటారియో రాష్ట్రం చట్టం సవరించింది. 1970లో 'బ్లోర్ వెస్ట్ విలేజ్' పేరుతో ప్రపంచంలోనే మొదటి బజారు అభివృద్ధి మండలి ఏర్పడింది. దీపాలు, బెంచీలు, పూలకుండీలు, శుభ్రత, ఉమ్మడి ప్రచారం దాని పనులు.

ఒక్క టొరంటోలోనే ఇప్పుడు ఇలాంటి మండళ్లు 80కి పైగా ఉన్నాయి. 1970లలోనే ఈ పద్ధతి అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌కు చేరింది, తర్వాత ఆ దేశమంతా పాకింది. బ్రిటన్ 2003లో చట్టం చేసింది. అక్కడ మండలి ఏర్పడాలంటే వీధి వ్యాపారుల మధ్య ఓటింగ్ జరగాలి, రెండు లెక్కల్లోనూ మెజారిటీ రావాలి. ఓటేసినవాళ్ల సంఖ్యలో ఒకటి, వాళ్ల ఆస్తుల పన్ను విలువలో మరొకటి. ఒక పెద్ద షోరూమ్ తన బలంతో వంద చిన్న కొట్లను తొక్కేయకూడదు, వంద చిన్న కొట్లు కలిసి భారమంతా ఒక్కరి నెత్తిన వేయకూడదు అన్నది దాని ఉద్దేశం. గడువు అయిదేళ్లు దాటకూడదు. కొనసాగాలంటే మళ్లీ ఓటు తప్పదు.

మన దగ్గర అలాంటిది ఎప్పుడూ లేదా?

ఉంది. కాకపోతే కొట్లకు కాదు, పంటకు.

మార్టూరు ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోని గుంటూరు జిల్లాలో ఉన్న రోజుల్లోనే, 1933లో, వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం వచ్చింది. పత్తి, పొగాకు, వేరుశనగ లాంటి పంటలు అమ్మే చోట తూకం ఎవరు వేయాలి, రుసుం ఎంత, తగవు వస్తే ఎవరు తీర్చాలి అన్నవి ఒక కమిటీకి అప్పగించిన చట్టం అది. ఆ తర్వాత 1966లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ మార్కెట్ల చట్టం వచ్చింది. గుంటూరు మిర్చి యార్డు నడిచేది దాని కిందే. కొనే వ్యాపారి సరుకు విలువ మీద మార్కెట్ సెస్సు కట్టాలి. కమిటీలో రైతులకూ, వ్యాపారులకూ చోటుంటుంది. ఆ రాబడితో షెడ్లు, కాటాలు, రోడ్లు, తాగునీరు ఏర్పాటు చేయాలి.

చట్టబద్ధమైన వసూలు, ఒక కమిటీ, ఉమ్మడి ఖర్చు. బ్లోర్ వీధి వర్తకులు కోరుకున్నవి కూడా ఈ మూడే. మిర్చి టిక్కీ అమ్ముకున్న రైతు ఆ డబ్బుతో బట్టలు, ఎరువులు, బంగారం కొనే వీధికి మాత్రం అలాంటి ఏర్పాటు మనం చేసుకోలేదు.

మార్కెట్ కమిటీల లోపాలు కూడా చూసి నేర్చుకోవాల్సినవే. చైర్మన్, సభ్యులను ఎన్నుకోరు, ప్రభుత్వం నియమిస్తుంది. అందుకే ప్రభుత్వం మారితే కమిటీ మారుతుంది. వసూలైన డబ్బంతా అదే యార్డుకు ఖర్చవుతుందన్న భరోసా లేదు. బజారుకు ఇలాంటి కమిటీ తెచ్చుకుంటే ఈ రెండూ లేకుండా తెచ్చుకోవాలి.

మార్టూరు 1970లో గుంటూరు నుంచి విడిపోయి కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరింది. ఆ జిల్లా పేరు 1972లో ప్రకాశం అయింది. 2022 ఏప్రిల్ 4న మార్టూరు బాపట్ల జిల్లాలోకి వచ్చింది. కలెక్టరేట్ ఊరు మారింది, బోర్డుల మీద పేర్లు మారాయి. బజారుకు చట్టంలో ఉన్న స్థానం మాత్రం మారలేదు.

రంగులేస్తే సరిపోదా?

'బజారు సుందరీకరణ' అనగానే మన ప్రభుత్వాలు చేసేది ఒకసారి భారీగా ఖర్చు పెట్టడం. ఢిల్లీలోని చాందినీ చౌక్ అందుకు పెద్ద ఉదాహరణ. ఎర్రకోట నుంచి ఫతేపురి మసీదు వరకు 1.3 కిలోమీటర్ల వీధిని ఎర్రరాతితో తీర్చిదిద్ది 2021 సెప్టెంబరులో ప్రారంభించారు. ఉదయం 9 నుంచి రాత్రి 9 వరకు మోటారు వాహనాలు నిషేధించారు. తర్వాత కొద్ది కాలానికే విరిగిన స్తంభాలు, నిషేధ వేళల్లో దూసుకొచ్చే బండ్లు, సరిగా లేని మరుగుదొడ్ల గురించి అక్కడి వర్తక సంఘాలు ఫిర్యాదులు మొదలుపెట్టాయి. కట్టడానికి డబ్బు దొరికింది. రోజువారీ నిర్వహణ ఎవరిదో తేలలేదు.

హైదరాబాద్‌లోని సుల్తాన్ బజార్ కథ వేరు. మెట్రో రైలు తమ వీధి మీదుగా వెళ్తే కొట్లు పోతాయని అక్కడి వర్తకులు ఏళ్ల తరబడి పోరాడారు. మార్గం మార్చే ఆలోచన ప్రభుత్వ స్థాయిలోనూ నడిచింది. చివరికి మెట్రో ఆ బజారు మీదుగానే వచ్చింది. జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ వరకు ఆ మార్గం 2020 ఫిబ్రవరి 7న మొదలైంది. వీధి భవిష్యత్తు తేల్చే చోట వీధి వాళ్లకు చట్టబద్ధమైన కుర్చీ లేకపోతే వాళ్ల చేతిలో మిగిలేవి బంద్, ధర్నా, కోర్టు. వాటితో ఒక పనిని కొంతకాలం ఆపవచ్చు. వీధిని నడపడం వాటితో అయ్యే పని కాదు.

మరి తోపుడు బండ్ల వాళ్లు?

బజారు బాగుచేయడం అంటే బండ్లను గెంటేయడం అనే అర్థం చాలాచోట్ల స్థిరపడిపోయింది. కొట్టువాడు అద్దె, జీఎస్టీ, వృత్తి పన్ను కడతాడు. తన గుమ్మానికి అడ్డంగా బండి పెట్టినవాడిపై అతని కోపంలో న్యాయం ఉంది. కానీ బజారుకు జనాన్ని తెచ్చేది చాలాసార్లు ఆ పండ్ల బండీ, టిఫిన్ బండీనే. వాళ్లూ ఊరికే నిలబడటం లేదు, ఆశీలు కడుతున్నారు. పంచాయతీ ఏటా ఆ ఆశీలు వసూలు హక్కును వేలం పాట పెడుతుంది. పాడుకున్నవాడు రోజూ చీటీ ఇచ్చి వసూలు చేసుకుంటాడు. రోజూ డబ్బు కట్టేవాడికి నిలబడే చోటు మీద మాత్రం ఏ హక్కూ ఉండదు.

2014 నాటి వీధి వ్యాపారుల చట్టం దీనికి ఒక దారి చూపింది. టౌన్ వెండింగ్ కమిటీ వేయాలి. అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు మహిళలు. ఎక్కువమందికి తెలియని సంగతి ఏమిటంటే, ఆ కమిటీలో మార్కెట్ సంఘాలకు, వర్తక సంఘాలకు కూడా ప్రాతినిధ్యం ఉంది. వీధిని ఎలా వాడుకోవాలన్న చర్చలో కొట్టువాడినీ బండివాడినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టిన చట్టం ఇది.

అయితే ఇది కార్పొరేషన్లు, మున్సిపాలిటీలు, నగర పంచాయతీల కోసం రాసిన చట్టం. గ్రామ పంచాయతీలో బండి పెట్టుకున్న మహిళకు దీని రక్షణ అందదు. వీధి వ్యాపారులకు పూచీ లేకుండా అప్పు ఇచ్చే పీఎం స్వనిధి పథకం కూడా మొదట పట్టణాలకే పరిమితం. 2025 ఆగస్టులో కేంద్రం దాన్ని 2030 మార్చి వరకు పొడిగించింది. మొదటి విడత అప్పును 15 వేలకు, రెండో విడతను 25 వేలకు పెంచింది. మూడో విడత 50 వేలే. జనాభా లెక్కల్లో పట్టణంగా గుర్తించిన ఊళ్లకు, నగర శివార్లకు కూడా దశలవారీగా విస్తరిస్తామని చెప్పింది. జనాభా 5 వేలు దాటి, పనిచేసే మగవాళ్లలో ముప్పావు వంతు వ్యవసాయేతర పనుల్లో ఉండి, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది ఉంటే పాలన పంచాయతీదే అయినా జనాభా లెక్కల్లో అది పట్టణమే. ఫ్యాక్టరీలు పెరిగిన మండల కేంద్రాలు రాబోయే లెక్కల్లో ఎటు తేలతాయన్నది అక్కడి బండ్ల వాళ్లకు అప్పు దొరుకుతుందో లేదో తేల్చే విషయం.

నగర పంచాయతీ చేస్తే పోలేదా?

కొంత లాభం ఉంది. వీధి వ్యాపారుల చట్టం వర్తిస్తుంది, పట్టణ పథకాలు వస్తాయి. కానీ ఇంటి పన్ను పెరుగుతుంది, ప్లాను అనుమతుల నిబంధనలు మారతాయి, గ్రామీణ ఉపాధి పనులు పోతాయి. పత్తి ఏరడానికి, మిర్చి కోతకు వెళ్లే కుటుంబాలు ఇంకా ఊళ్లో సగం ఉన్నప్పుడు ఆ నష్టం చిన్నది కాదు. బజారు బాగు కోసం ఊరంతా హోదా మార్చుకోవాలనడం సరికాదు. బజారు వరకే వర్తించే ఏర్పాటు కావాలి.

ఇది మరో పన్ను కాదా?

ఇది న్యాయమైన అభ్యంతరం. ఆన్‌లైన్ అమ్మకాలతో పోటీపడలేక ఇబ్బందిపడుతున్న కొట్టువాడిని ఇంకో 200 కట్టమనడం తేలిక కాదు. విదేశాల్లోనూ ఈ మండళ్ల మీద విమర్శలున్నాయి. పెద్ద ఆస్తులవాళ్ల మాట చెల్లుతుందని, వీధి బాగుపడ్డాక అద్దెలు పెరిగి చిన్న కొట్లే ముందు ఖాళీ చేస్తాయని, పేదలను కంటికి కనపడకుండా తరిమేస్తాయని. అందుకే ఏ ఏర్పాటు చేసినా కొన్ని షరతులు తప్పనిసరి. రహస్య ఓటు ఉండాలి. అద్దెకున్నవాళ్లకూ ఓటు ఉండాలి. బండ్లవాళ్లకు సభ్యత్వం ఉండాలి. లెక్కలు నోటీసు బోర్డు మీద కనపడాలి. గడువు తీరగానే మళ్లీ అందరి అనుమతి తీసుకోవాలి.

చట్టం వచ్చేలోపు ఏం చేయొచ్చు?

మీ సొంతూరు కూడా మార్టూరు లాంటిదైతే ఈ నాలుగు పనులకు ఎవరి కొత్త జీవో అక్కర్లేదు.

*ఒకటి, వీధి పటం గీయండి.* ఏ ముక్క ఏ శాఖదో, ఏ స్తంభం ఎవరిదో, కాలువ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోయిందో ఒక కాగితం మీద పెట్టండి. "మా పరిధి కాదు" అనే మాటకు అదే మొదటి మందు.

*రెండు, వ్యాపారానికొక సంఘం కాకుండా వీధికొక సంఘం నమోదు చేయండి.* కిరాణా, బంగారం, సెల్‌ఫోన్, టిఫిన్ బండి అందరూ అందులో ఉండాలి. బైలాలో చందా, ఖర్చు, ఆడిట్ ముందే రాసుకోవాలి.

*మూడు, పంచాయతీ ప్రణాళికలోకి బజారును తీసుకెళ్లండి.* గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక ఏటా తయారవుతుంది. అందుకోసం సాధారణంగా అక్టోబరు 2 నుంచి గ్రామసభలు నడుస్తాయి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే కేటాయించాలన్న నియమం పెట్టింది. బజారులో మహిళల మరుగుదొడ్డి పారిశుధ్యం కిందికే వస్తుంది. గ్రామసభ తీర్మానంలో ఆ పని పేరు లేకపోతే నిధులున్నా ఆ పని జరగదు.

*నాలుగు, ఆశీలు లెక్క అడగండి.* బజారు నుంచి పంచాయతీకి వచ్చే ఆశీలు, కొట్ల అద్దెలు ఏటా ఎంత? అందులో తిరిగి బజారు మీద ఖర్చయ్యేది ఎంత? ఈ రెండు అంకెలు సమాచార హక్కు దరఖాస్తుతో దొరుకుతాయి. ఆ రాబడిలో ఒక వాటాను బజారు నిర్వహణకే ఉంచాలని, ఆ పనిని వీధి సంఘంతో కలిసి చూడాలని పంచాయతీ తీర్మానం చేసుకోవచ్చు. అందరి దగ్గరా వసూలు చేసే హక్కు పంచాయతీకి ఇప్పటికే ఉంది. కొత్త చట్టం లేకుండా టొరంటో పద్ధతికి మనం చేరగలిగినంత దగ్గరి దారి ఇదే.

మీరు నగరంలో ఉన్నా ఇందులో మీకూ పాత్ర ఉంది. ఊరి వాట్సాప్ గ్రూపులో బజారు ఫొటో పెట్టి "పాత రోజులు" అని రాయడం తేలిక. దాని కింద ఆశీలు లెక్క అడిగే దరఖాస్తు నమూనా కూడా పెడితే, వచ్చే గ్రామసభకు కనీసం ఒకరైనా అంకెలతో వెళ్తారు.